మంజీర మొసలి, మిసిసిపీ ఎలిగేటర్: ఒకే పేరు వెనక రెండు వంశాలు

హైదరాబాద్‌కు తాగునీరిచ్చే జలాశయాల్లో మంజీర ఒకటి. సంగారెడ్డి దగ్గర ఆ నీటి మధ్యలో చిన్న చిన్న దీవులున్నాయి. చలికాలం పొద్దున ఎండ కాస్త ఎక్కగానే మొసళ్లు గట్టు మీదికి పాకివచ్చి, నోరు తెరుచుకుని, కదలకుండా పడుకుంటాయి. వాటి ఫొటో ఒకటి తీసి హ్యూస్టన్‌లోనో టాంపాలోనో పెరుగుతున్న తెలుగు పిల్లాడికి చూపిస్తే, అది ఎలిగేటర్ అని చెప్పే అవకాశమే ఎక్కువ. ఎందుకంటే పిల్లల పుస్తకాలన్నీ నేర్పే సూత్రం ఒకటే: మూతి వెడల్పుగా, గుండ్రంగా ఉంటే ఎలిగేటర్, సన్నగా, కొసదేరి ఉంటే క్రొకడైల్. మంజీర జంతువు మూతి వెడల్పే. పిల్లాడు సూత్రాన్ని సరిగ్గానే వాడాడు, సూత్రమే చాలలేదు. అది క్రొకడైల్. భారతదేశంలోని ఏ నదిలోనూ, ఏ చెరువులోనూ అడవి ఎలిగేటర్ లేదు.

ఇంగ్లీషు రెండు మాటలతో వేరుచేసిన ఈ జంతువులను తెలుగు ఒక్క ‘మొసలి’తో సరిపెట్టింది. మకరం, నక్రం అన్న సంస్కృత పదాలు వాడుకలో ఉన్నా అవి దానికి మారుపేర్లే. ఇందులో భాష లోపం ఏమీ లేదు. కంటికి కనిపించని జంతువుకు ఎవరూ పేరు పెట్టరు. తెలుగు నేలకు అన్నిటికంటే దగ్గరలో ఉన్న అడవి ఎలిగేటర్‌ను చూడాలంటే చైనాలోని యాంగ్‌ట్సీ నది దాకా వెళ్లాలి. పోతన భాగవతంలో గజేంద్రుడి కాలు పట్టుకున్న మకరి, గుడి ద్వారాల మీది మకర తోరణం, గంగమ్మ వాహనం, ఇవన్నీ ఈ దేశపు నీళ్లలో జనం చూసిన మొసళ్ల నుంచి పుట్టిన ఊహలు. మన మంచినీటి మొసలిని ఇంగ్లీషులో ‘మగ్గర్’ అంటారు. ఆ మాట హిందీ ‘మగర్’ నుంచి వెళ్లింది, హిందీకేమో సంస్కృత మకరం నుంచి వచ్చింది. ఈ వ్యాసంలో మొసలి అన్నచోట క్రొకడైల్ అని అర్థం. ఎలిగేటర్‌ను ఎలిగేటర్ అనే పిలవక తప్పదు.

చిత్రమేమిటంటే ఇంగ్లీషులోని ఆ రెండు పేర్లూ బల్లి నుంచే పుట్టాయి. నైలు నదిలోని జంతువును చూసిన అయోనియా గ్రీకులు, తమ దేశపు గోడల్లో తిరిగే బల్లులను పిలిచే పేరునే దానికీ పెట్టారని హెరొడోటస్ రాశాడు. ఆ గ్రీకు మాటే క్రొకడైల్ అయింది. రెండు వేల ఏళ్ల తర్వాత అమెరికా చేరిన స్పెయిన్‌వాళ్లు అక్కడి జంతువును ‘ఎల్ లగార్తో’ అన్నారు, అంటే ‘ఆ బల్లి’. ఇంగ్లీషువాళ్ల నోట అది నలిగి ఎలిగేటర్‌గా మారింది. నిజానికి ఈ జంతువులకు బతికున్నవాటిలో దగ్గరి చుట్టాలు బల్లులు కావు, పక్షులు. మొసలి గుండెకు పక్షి గుండెలాగే నాలుగు గదులుంటాయి. గూడు కట్టి, గుడ్లకు కాపలా కాసి, పిల్లలు కూతపెట్టగానే గూడు తవ్వి బయటికి తీసే అలవాటులోనూ ఆ చుట్టరికం కనిపిస్తుంది.

శాస్త్రవేత్తలు వీటన్నిటినీ క్రొకడీలియా అనే ఒకే క్రమంలో చేర్చి, మూడు కుటుంబాలుగా విడదీశారు. ఎలిగేటర్ల కుటుంబంలో అమెరికా ఎలిగేటర్, చైనా ఎలిగేటర్, మధ్య, దక్షిణ అమెరికాల్లో బతికే కైమన్లు ఉన్నాయి. మొసళ్ల కుటుంబం ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా, అమెరికాల ఉష్ణమండలమంతా పరుచుకుంది. మూడోది గంగ, చంబల్ నదుల్లోని ఘరియాల్ కుటుంబం. సన్నని పొడవాటి మూతి, మగదాని మూతి కొసన కుండలాంటి బుడిపె దాని గుర్తులు. ఎలిగేటర్ల శాఖ, మొసళ్ల శాఖ చీలిపోయి దాదాపు 8 నుంచి 9 కోట్ల ఏళ్లయిందని అంచనా. అప్పటికి డైనోసార్లు ఇంకా తిరుగుతున్నాయి. పైకి అన్నదమ్ముల్లా కనిపించే ఈ రెండింటి మధ్య సంకరం సాధ్యం కాదు. మొసళ్లలో మాత్రం దగ్గరి జాతులు కలుస్తాయి. క్యూబా మొసలికీ అమెరికా మొసలికీ పుట్టిన పిల్లలు క్యూబాలోనే తిరుగుతున్నాయి. 2014లో అమెరికా ఎలిగేటర్, ఉప్పునీటి మొసలి, ఘరియాల్ జన్యుపటాలను కలిపి ప్రచురించినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. ఈ వంశంలో జన్యుమార్పులు అసాధారణమైన నెమ్మదితో జరుగుతాయి. ఇన్ని కోట్ల ఏళ్ల ఎడబాటు తర్వాత కూడా రెండూ ఒకే అచ్చులో పోసినట్టు ఉండటానికి ఇదొక ఆధారం.

అయితే గట్టున పడుకున్న జంతువు ఏ కుటుంబానిదో తేల్చేదెలా?

మూతి ఆకారం చాలావరకు ఉపయోగపడే గుర్తే. అమెరికా ఎలిగేటర్ మూతి పారలా వెడల్పు, అమెరికా మొసలి మూతి కొసకు పోయేకొద్దీ సన్నం. ఫ్లోరిడాలో ఈ ఒక్క గుర్తుతో పని జరిగిపోతుంది. పుస్తకాల్లోని సూత్రం అక్కడి జంతువులను చూసి రాసిందే. కానీ మగ్గర్ దగ్గరికి వచ్చేసరికి అది తడబడుతుంది. దాని ప్రజాతిలోని మొసళ్లన్నిటిలోకీ వెడల్పైన మూతి దానిదే. చెరువులు, వాగులు, మడుగుల్లో తాబేళ్లు, చేపలు, నీటికి వచ్చిన జంతువులు, ఏది దొరికితే అది పట్టి తినే బతుకు కావడంతో మూతి ఎలిగేటర్ మూతిలా తయారైంది. రెండు వేర్వేరు వంశాలు ఒకేలాంటి తిండికి ఒకేలాంటి పనిముట్టును సంపాదించుకున్నాయి. కాబట్టి మూతి చెప్పేది జంతువు ఏం తింటుందన్నది. ఎవరి బిడ్డ అన్నది చెప్పడానికి పన్ను చూడాలి.

చూడాల్సింది కింది దవడలో ముందు నుంచి నాలుగో పన్ను. అన్నిటికంటే పెద్దది, కోరలా ఉంటుంది. మొసలి నోరు మూసినప్పుడు ఆ కోర పై దవడ పక్కనున్న నొక్కులో కూర్చుంటుంది, అందువల్ల బయటికి స్పష్టంగా కనిపిస్తుంది. రెండు దవడలూ దాదాపు సమాన వెడల్పుతో ఉండి, పై పళ్లూ కింది పళ్లూ ఒకదాని సందులో ఒకటి దిగుతాయి. నోరు మూసి ఉన్నా పళ్లు ఇకిలించినట్టే ఉండేది ఇందుకే. ఎలిగేటర్ పై దవడ కింది దవడను మూతలా కప్పేస్తుంది. నాలుగో పన్ను పై దవడ లోపలి గుంటలోకి దిగి మాయమవుతుంది. నోరు మూసిన ఎలిగేటర్‌లో కనిపించేవి పై పళ్లు మాత్రమే. మంజీర గట్టున పడుకున్నదాని మూతి ఎంత వెడల్పున్నా, అది నోరు మూసిన క్షణంలో బైనాక్యులర్‌తో చూస్తే పక్కన ఆ కోర తేలి కనిపిస్తుంది.

చర్మంలో దాగిన గుర్తు ఇంకొకటి ఉంది. దాన్ని బొమ్మల పుస్తకాలకంటే ముందు తోలు వ్యాపారులు వాడుకున్నారు. మొసలి ఒంటి మీద, పొట్ట మీద ప్రతి పొలుసు అంచునా సూదితో గుచ్చినంత చిన్న చుక్క ఉంటుంది. ఎలిగేటర్‌కు అలాంటి చుక్కలు తల మీద, దవడల చుట్టూ తప్ప ఇంకెక్కడా ఉండవు. సంచీగానో బెల్టుగానో మారిపోయిన తోలును కూడా ఈ చుక్కలతో గుర్తుపట్టవచ్చు. అక్రమ రవాణాలో పట్టుబడ్డ సరుకు ఏ కుటుంబానిదో తేల్చడంలో ఇది పనికొస్తుంది. దవడల మీది చుక్కలు దేనికన్నది మాత్రం చాలాకాలం తెలియలేదు. 2002లో డాఫ్నీ సోరెస్ అనే శాస్త్రవేత్త చీకట్లో ఉంచిన ఎలిగేటర్ల తొట్టిలో ఒక్క నీటిబొట్టు రాల్చి చూశారు. అవి గభాల్న బొట్టు పడ్డవైపు తిరిగాయి. చుక్కలను కప్పేస్తే తిరగలేదు. నీటి ఉపరితలం మీది అలికిడిని పసిగట్టే స్పర్శేంద్రియాలవి. రాత్రిపూట కళ్లూ ముక్కూ మాత్రమే నీటి పైన పెట్టి కాచుకునే జంతువుకు, దాహానికి వచ్చిన లేడి మూతి నీటిని తాకిన సంగతి వాటి ద్వారానే అందుతుంది.

ఎలిగేటర్ తోలు పేరెత్తితే లకోస్ట్ కథ గుర్తుకురాక మానదు. 1920ల్లో ఫ్రెంచి టెన్నిస్ ఆటగాడు రెనె లకోస్ట్ ఒక మ్యాచ్ గెలిస్తే ఎలిగేటర్ తోలు పెట్టె కొనిస్తానని జట్టు కెప్టెన్ పందెం కట్టాడు. అమెరికా పత్రికలు లకోస్ట్‌కు ‘ఎలిగేటర్’ అని పేరు పెట్టాయి. ఆ పేరు అట్లాంటిక్ దాటి ఫ్రాన్స్ చేరేసరికి ‘క్రొకడైల్’ అయింది. 1933లో మొదలైన ఆయన చొక్కాల కంపెనీ గుర్తు ఈరోజుకీ మొసలే. నోరు తెరిచి గీసిన బొమ్మ కనుక నాలుగో పన్ను పరీక్ష అక్కడ కుదరదు.

పన్ను, చర్మం చూసి గుర్తుపట్టడానికి పనికొస్తాయి. ఈ రెండు కుటుంబాల బతుకుల్ని నిజంగా వేరుచేసింది మాత్రం ఉప్పు.

మొసలి జాతులు సముద్రంలో ఎలా బతుకుతాయన్నది జీవశాస్త్రానికి చాలాకాలం చిక్కుముడిగా ఉంది. సముద్రపు తాబేలు ఒంట్లోని అదనపు ఉప్పును కళ్ల దగ్గరి గ్రంథుల ద్వారా కన్నీళ్లుగా కార్చేస్తుంది. సముద్ర పక్షులు ముక్కు ద్వారా వదిలేస్తాయి. మొసలికి ఆ రెండు చోట్లా అలాంటి ఏర్పాటు లేదు. 1981లో ఆస్ట్రేలియాలో టాప్లిన్, గ్రిగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఉప్పునీటి మొసలి నాలుక పరిశీలించారు. నాలుక పైభాగమంతా సన్నని రంధ్రాలు, వాటిలోంచి ఊరే చిక్కటి ఉప్పునీరు! లవణ గ్రంథులు ఉన్నది నాలుకలో. మంచినీటిలోనే బతికే మొసళ్లలో కూడా ఆ గ్రంథులు ఉన్నాయి. ఎలిగేటర్ నాలుక మీద చూడటానికి అలాంటి గ్రంథులే కనిపిస్తాయి కానీ అవి ఉప్పును అలా విసర్జించలేవు.

‘మొసలి కన్నీరు’ అన్న నానుడి నిజానిజాలు కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. మొసలి కళ్లలో నీళ్లు వస్తాయి, కానీ అవి ఉప్పు వదిలించుకునే దారి కాదు. తింటున్నప్పుడు నీళ్లు కారతాయా అని 2007లో మాల్కమ్ షానర్, కెంట్ వ్లియెట్ ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్ ఎలిగేటర్ ఫామ్‌లో పరీక్షించారు. ఒడ్డు మీద తినేటట్టు అలవాటు చేసిన నాలుగు కైమన్లను, మూడు ఎలిగేటర్లను ఎంచుకున్నారు. ఏడింటిలో అయిదింటి కళ్లు చెమ్మగిల్లాయి, కొన్నిటి కళ్ల అంచున నురగ కూడా వచ్చింది. దవడలు ఆడిస్తూ బుసకొట్టేటప్పుడు ముక్కు గదుల్లోంచి గాలి తోసుకువచ్చి కన్నీటి గ్రంథుల నుంచి నీటిని బయటికి నెడుతుందేమోనని వారి ఊహ. మొసలి కన్నీటిని నిరూపించిన ఆ ప్రయోగంలో మొసలి ఒక్కటీ లేకపోవడం ఈ విషయంలోని అసలైన వింత.

నాలుక మీది ఆ చిన్న ఏర్పాటు మొసళ్లకు ప్రపంచాన్ని తెరిచింది. ఒడిశా భితర్‌కనిక మడ అడవుల నుంచి ఉత్తర ఆస్ట్రేలియా దాకా, మధ్యలో వందల దీవుల్లో ఉప్పునీటి మొసలి ఒకే జాతిగా పరుచుకుని ఉండటానికి కారణం అదే. క్వీన్స్‌లాండ్‌లో ఉపగ్రహ పరికరాలు బిగించి వదిలిన మొసళ్ల ప్రయాణాలను 2010లో ప్రచురించారు. ఒక మగ మొసలి 25 రోజుల్లో 590 కిలోమీటర్లు తీరం వెంట సాగింది. అదంతా ఈదుతూ కాదు. ప్రవాహం తనకు అనుకూలంగా ఉన్నంతసేపే సాగి, ఎదురుతిరిగినప్పుడు ఒడ్డెక్కి కూర్చునేది. గోదావరి పాయల్లో ఆటుపోట్లు చూసి పడవ వదిలే జాలర్లకు ఈ తెలివి కొత్తగా అనిపించదు. అమెరికా ఖండంలోని మొసళ్లకు దగ్గరి చుట్టం ఆఫ్రికాలోని నైలు మొసలి అని జన్యు పరిశోధనలు చెబుతున్నాయి. ఖండాలు విడిపోయి చాలా కాలమయ్యాక, కొన్ని మొసళ్లు అట్లాంటిక్ మహాసముద్రం దాటి అవతలి ఒడ్డు చేరాయన్నమాట.

ఎలిగేటర్‌కు ఆ దారి మూసి ఉంది. ఉప్పునీళ్లలోకి అసలే దిగదని కాదు. అమెరికాలోని జార్జియా తీరంలో పీతల కోసం, చేపల కోసం ఉప్పుటేళ్లలోకి వెళ్లే ఎలిగేటర్లున్నాయి. కానీ దాహం తీర్చుకోవడానికి మళ్లీ మంచినీటికి రావాలి.

ఈ ఉప్పు సంగతి శిలాజాల చరిత్రనే తిరగరాయించింది. డైనోసుకస్ అనేది సుమారు 8.2 కోట్ల నుంచి 7.3 కోట్ల ఏళ్ల కిందట ఉత్తర అమెరికాలో బతికిన రాకాసి జంతువు, పది మీటర్లకు పైగా పెరిగేదని అంచనా. దాన్ని చాలాకాలం ఎలిగేటర్ల శాఖలో లెక్కించారు. ఒక్క ఇబ్బంది మాత్రం మిగిలింది. ఆ రోజుల్లో ఉత్తర అమెరికాను నిలువునా చీలుస్తూ ఒక సముద్రం ఉండేది. డైనోసుకస్ ఎముకలు దానికి రెండు ఒడ్డులా దొరుకుతున్నాయి. ఉప్పు భరించలేని ఎలిగేటర్ అటూ ఇటూ ఎలా చేరింది? 2025లో వచ్చిన ఒక అధ్యయనం వంశవృక్షాన్ని మళ్లీ కట్టి, అది ఎలిగేటర్ కాదు, రెండు శాఖలూ చీలకముందే పక్కకు పోయిన పాత కొమ్మ అని ప్రతిపాదించింది. ఆ పాత వంశాలకు ఉప్పును తట్టుకునే శక్తి ఉండేదని, ఎలిగేటర్ల పూర్వీకులు దాన్ని తర్వాత పోగొట్టుకున్నారని దాని వాదన.

ఉప్పు దగ్గర ఓడిన ఎలిగేటర్ చలి దగ్గర గెలిచింది. అమెరికా ఎలిగేటర్ ఉత్తరాన నార్త్ కరోలినా దాకా బతుకుతుంది, అక్కడ శీతకాలంలో మడుగులు గడ్డకడతాయి. గడ్డకట్టబోయే ముందు ఎలిగేటర్లు మూతి కొస మాత్రం నీటి పైకి లేపి ఉంచుతాయి. చుట్టూ మంచు బిగుసుకుంటుంది, ఒళ్లు నీటిలో వేలాడుతుంది, ముక్కుపుటాలతో మెల్లగా గాలి పీలుస్తూ రోజుల తరబడి అలాగే ఉండిపోతాయి. మంచు కరిగాక ఏమీ జరగనట్టు కదిలిపోతాయి. మొసలి ఈ పని చేయలేదు. 2010 జనవరిలో దక్షిణ ఫ్లోరిడాను పన్నెండు రోజులపాటు చలిగాలి పట్టినప్పుడు సుమారు 150 అమెరికా మొసళ్లు చచ్చి తేలాయి. పక్కనే ఉన్న ఎలిగేటర్లకు అలాంటి నష్టం జరగలేదు.

ఈ రెండూ అడవిలో కలిసి బతికే చోటు భూమ్మీద దక్షిణ ఫ్లోరిడా ఒక్కటే. ఉత్తరం నుంచి వచ్చిన చలిజంతువుకు అది దక్షిణపు అంచు. కరీబియన్ వైపు నుంచి వచ్చిన వేడిజంతువుకు ఉత్తరపు అంచు. ఎవర్‌గ్లేడ్స్ జాతీయవనం కొసన ఫ్లమింగో అనే పడవల రేవులో మంచినీటి కాలువ, సముద్రపు ఉప్పునీరు ఎదురెదురుగా వస్తాయి. ఒక్కోరోజు నల్లటి ఎలిగేటర్‌నూ బూడిద ఆకుపచ్చ మొసలినీ ఒకేచోట చూడవచ్చు. అక్కడ మొసలి ఉందన్న సంగతి శాస్త్రలోకం స్థిరంగా నమ్మింది 1875 తర్వాతే. ఆ ఏడాది విలియం హార్నడే అనే కుర్రవాడు బిస్కేన్ అఖాతం దగ్గర రెండు మొసళ్లను వేటాడి తెచ్చాడు. రెండేళ్లకు అదే హార్నడే మ్యూజియం నమూనాల కోసం భారతదేశం వచ్చి, ఇటావా దగ్గర యమునలో ఘరియాళ్లను వేటాడాడు. మూడు కుటుంబాల జంతువులనూ తుపాకి గురిలో చూసిన ఆ మనిషే తర్వాతి జీవితంలో అమెరికాలో వన్యప్రాణి రక్షణకు గట్టి గొంతుకయ్యాడు.

ఎవర్‌గ్లేడ్స్‌లో ఎలిగేటర్ చేసే మేలు ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. అది మూతితో, తోకతో బురద తోడి గుంట చేసుకుంటుంది. ఎండాకాలంలో చిత్తడి అంతా పగుళ్లిచ్చినప్పుడు ఆ గుంటలో నీరు నిలుస్తుంది. చేపలు, తాబేళ్లు, నత్తలు అక్కడికే చేరతాయి, వాటి కోసం కొంగలు వస్తాయి. వాటిలో కొన్నిటిని ఎలిగేటర్ తినడం నిజమే. మిగిలినవి వానలు పడగానే మళ్లీ చిత్తడంతా పరుచుకుంటాయి. మన ఊళ్లలో కరువు ఏడాది ఊరంతటికీ నీళ్లిచ్చే ఒక్క దిగుడుబావిలాంటిది ఆ గుంట.

గూళ్ల విషయంలో ప్రచారంలో ఉన్న మాట సగమే నిజం. ఎలిగేటర్ ఆకులూ గడ్డీ కుప్పపోసి గుడ్లు పెడుతుంది, మొసలి ఇసుక తవ్వి పెడుతుంది అంటారు. మగ్గర్ నిజంగానే నదీతీరపు ఇసుకలో గుంట తవ్వుతుంది. కానీ ఉప్పునీటి మొసలి ఎలిగేటర్‌లాగే కుప్ప పోస్తుంది. భితర్‌కనికలో మడచెట్ల ఆకులతో, ఒక రకం ఫెర్న్ మొక్కలతో కట్టిన గూళ్లు కనిపిస్తాయి. రెండు కుటుంబాల్లోనూ పిల్ల ఆడదో మగదో తేల్చేది గూటిలోని వేడి. ఎలిగేటర్‌లో ఈ సంగతిని 1982లో లూసియానా గుడ్ల మీద ఫెర్గూసన్, జోనెన్ నిరూపించారు. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర పొదిగితే అన్నీ ఆడవి, 34 దగ్గర అన్నీ మగవి. మగ్గర్ లెక్క మద్రాసు తీరంలో తేలింది. రోములస్, జై విటేకర్లు 1976లో మహాబలిపురం దారిలో స్థాపించిన మొసళ్ల కేంద్రంలో జెఫ్రీ లాంగ్ గుడ్లు పొదిగించి చూస్తే, 31 డిగ్రీల దాకా అన్నీ ఆడపిల్లలే పుట్టాయి, 32.5 దగ్గర అన్నీ మగవి. ఒకటిన్నర డిగ్రీల తేడాలో ఒక తరం తలరాత మారిపోతుంది. వేడెక్కుతున్న కాలంలో ఈ అంకెలు భయపెట్టేవే.

పుట్టిన పిల్లలను తల్లి నోట కరుచుకుని నీటికి తీసుకెళుతుంది. మొసలి తన పిల్లల్ని తానే తినేస్తుందని చాలాచోట్ల జనం నమ్మడానికి బహుశా ఈ దృశ్యమే కారణం. ఎద్దు తొడ ఎముకను విరిచే దవడలు గుడ్డు పెంకును అంత నాజూకుగా ఎలా చిదుపుతాయో చూసినవాళ్లకు ఆశ్చర్యమే. కాటు బలంలో కుటుంబాల తేడా పెద్దగా లేదు. అప్పటికి గుర్తించిన 23 జాతుల కాటునూ కొలిచి గ్రెగరీ ఎరిక్సన్ బృందం 2012లో తేల్చింది ఇదే: మూతి సన్నమా వెడల్పా అన్నదాన్ని బట్టి కాక, ఒంటి పరిమాణాన్ని బట్టి బలం ఉంటుంది. పరిమాణంలో ఉప్పునీటి మొసలిది పైచేయి. 2011లో ఫిలిప్పీన్స్‌లో పట్టుబడ్డ ‘లోలోంగ్’ అనే మొసలి పొడవు 6.17 మీటర్లు. ఎలిగేటర్ నాలుగున్నర మీటర్లు దాటడం అరుదు.

స్వభావం మాటకొస్తే ఎలిగేటర్ మనిషిని చూసి తప్పుకునే రకం. ఫ్లోరిడాలో పది లక్షలకు మించి ఎలిగేటర్లున్నాయి. అయినా 1948 నుంచి అధికారులు నమోదు చేస్తూ వచ్చిన దాడుల్లో 2021 దాకా మరణాలు ముప్పై దాటలేదు. నైలు మొసలి, ఉప్పునీటి మొసలి మనిషిని ఆహారంగా చూడగలవు. ఆఫ్రికా పల్లెల్లో, భితర్‌కనిక చుట్టుపక్కల ఊళ్లలో నీళ్లకు వెళ్లిన మనుషులు తిరిగిరాని ఇళ్లున్నాయి. అలాగని మొసళ్లన్నీ ఒకటి కావు. అమెరికా మొసలి బెరుకుది. ఫ్లోరిడాలో అది మనిషిని కరిచిన తొలి ఘటన 2014లో గానీ నమోదు కాలేదు. ఫ్లోరిడా, టెక్సాస్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇంటి వెనక చెరువులో ఎలిగేటర్ కనిపించడం వింత కాదు. హ్యూస్టన్‌వాళ్లు సెలవురోజు బ్రజోస్ బెండ్ పార్కుకు వెళితే దారి పక్కనే పడుకుని ఉంటాయి. దానికి తిండి వేయడం ఫ్లోరిడాలో నేరం. మనిషంటే బెరుకు పోయిన ఎలిగేటరే ప్రమాదకరమైనది, చివరికి దాన్నే చంపాల్సి వస్తుంది.

రెండు కుటుంబాలూ ఇరవయ్యో శతాబ్దంలో తోలు కోసం ఊచకోతకు గురయ్యాయి. అమెరికాలో ఎలిగేటర్‌ను 1967లో అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చి, ఇరవై ఏళ్లకు పూర్తిగా కోలుకుందని ప్రకటించారు. ఫ్లోరిడా మొసలికి ఊహించని చోట ఆశ్రయం దొరికింది. టర్కీ పాయింట్ అణువిద్యుత్ కేంద్రంలో నీటిని చల్లార్చడానికి తవ్విన కాలువల గట్లు గుడ్లు పెట్టడానికి సరిగ్గా కుదిరాయి. 1970ల చివర నుంచి అక్కడ మొసళ్లు గూళ్లు కడుతున్నాయి. భారతదేశంలో 1975లో ఐక్యరాజ్యసమితి సంస్థల సహాయంతో మొసళ్ల ప్రాజెక్టు మొదలైంది. గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లలను కొంత పెంచి నదుల్లో వదలడం దాని పద్ధతి. ఆ పనికి సిబ్బందిని తయారుచేసే కేంద్ర శిక్షణ సంస్థను హైదరాబాద్‌లో పెట్టారు. భితర్‌కనికలో అప్పుడు వందలోపు ఉన్న ఉప్పునీటి మొసళ్లు ఇప్పుడు 1,800 దాకా ఉన్నాయి. 1978లో అభయారణ్యమైన మంజీరలో, గోదావరి ఒడ్డున శివారంలో, కిన్నెరసానిలో మగ్గర్లు నిలదొక్కుకున్నాయి.

ఎలిగేటర్ల కుటుంబం మొత్తంలో ఈరోజు అన్నిటికంటే దిక్కులేనిది చైనా ఎలిగేటర్. రెండు మీటర్లకు మించి పెరగడం అరుదు. యాంగ్‌ట్సీ దిగువన వరిపొలాల మధ్య కుంటల్లో బతుకుతూ, గట్లలో లోతైన బొరియలు తవ్వుకుని చలికాలమంతా అందులోనే నిద్రపోతుంది. అక్కడి రైతులు దాన్ని ‘మట్టి డ్రాగన్’ అంటారు. బొరియల వల్ల గట్టు కారి పొలంలో నీళ్లు పోతాయని పూడ్చేశారు, కోళ్లను ఎత్తుకుపోతుందని చంపారు, కుంటలను చదును చేసి మళ్లు కట్టారు. ఈ శతాబ్దం మొదలయ్యేనాటికి అడవిలో మిగిలినవి నూట యాభై లోపు. అన్‌హుయి రాష్ట్రంలోని షువాన్‌చెంగ్ పెంపక కేంద్రంలో మాత్రం వేల సంఖ్యలో పుట్టాయి. 2003 నుంచి అక్కడ పెరిగినవాటిని కాపలా ఉన్న చిత్తడి నేలల్లో వదులుతున్నారు. వాటిలో కొన్ని సొంతంగా బొరియ తవ్వుకుని, చలికాలం గడిపి, వేసవిలో గూడు కట్టి పిల్లల్ని చేశాయి.